పదకొండో పలక

మార్కాపురంలో కాగితానికి కరువుండొచ్చు గాని పలకకు కరువు లేదు. ఊరి చుట్టూ పలకరాతి గనులే. గాలి తోలిందంటే నల్లటి రాతిదుమ్ము వచ్చి వడ్డించుకున్న అన్నం మీద పడుతుంది. అందుకే మా పఠనమందిరంలో నెలకొకసారి కవిసభ జరిగినప్పుడు పేర్లు కాగితం మీద రాసుకునేవాళ్ళం కాదు. పద్యం చదవాలనుకున్న ప్రతివాడూ ఇంటి నుంచి ఒక పలక తెచ్చి గుమ్మంలో నాకు ఇవ్వాలి. నేను దాన్ని తుడిచి, వరస అంకె వేసి, పేరు రాసి, రాతను గోడ వైపు తిప్పి ఆనించి పెడతాను. అధ్యక్షులవారు ఒక్కొక్క పలకా ఎత్తి పేరు పిలుస్తారు. సభ అయ్యాక ఎవరి పలక వాళ్ళు చంకన పెట్టుకొని పోవాలి. ఈ ఏర్పాటు నాది. నా బుర్రలో పుట్టినవాటిలో ఊరు మెచ్చుకున్నది ఇదొక్కటే. ఇది కూడా పుట్టకుండా ఉంటే బాగుండేదని ఇరవై ఏళ్ళుగా అనుకుంటున్నాను.

నా పేరు వెంకటసుబ్బయ్య. మాది కొనకనమిట్ల పక్క పల్లె. మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. నాలుగు అక్షరాలు వచ్చినందుకు మార్కాపురం బోర్డు బడిలో పంతులు ఉద్యోగం దొరికింది. పఠనమందిరానికి కార్యదర్శిని కూడా నేనే. జీతం లేని పదవి గనక ఎవరూ పోటీకి రాలేదు.

సభకు వచ్చే పలకలు చూస్తే నవ్వొచ్చేది. అన్నీ పిల్లల దగ్గర లాక్కొచ్చినవే. ఒకదాని మీద పదమూడో ఎక్కం, ఇంకోదాని మీద తోక లేని ఆవు, మరోదాని మీద వాళ్ళ పంతుల్ని తిట్టిన తిట్టు. ఆ పంతులు ఒక్కోసారి నేనే అయ్యేవాణ్ణి. అన్నిటినీ పొడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచేవాణ్ణి. పొడిగుడ్డతో తుడిస్తే బలపం రాత పూర్తిగా పోదు. తెల్లగా అలుముకొని, వెనక నీడలాగా అక్షరం కనబడుతూనే ఉంటుంది. ఆ నీడ మీదనే పేరు రాసేవాణ్ణి.

ఆ ఏడు మద్రాసులో కొత్త మంత్రివర్గం వచ్చింది. ఎక్కడ విన్నా అందరూ సమానమనే మాటే. నాకూ ఆ గాలి సోకింది. మన సభకు కులం అడ్డు ఉండకూడదని పఠనమందిరం పెద్దల దగ్గర రెండు గంటలు వాదించి ఒప్పించాను. ఊళ్ళోనూ, గనుల దగ్గరా, ఊరవతల, అంటరానివాళ్ళని దూరం పెట్టినవాళ్ళుండే మిషను పల్లెలోనూ దండోరా వేయించాను. పద్యం వచ్చిన వాళ్ళెవరైనా రావచ్చు, చదవచ్చు.

మా అమ్మ రాఘవమ్మ ఆ పూట అన్నం పెడుతూ అడిగింది.

"ఏందిరా సుబ్బయ్యా, అందర్నీ రమ్మని దండోరా ఏయించినావంట?"

"అవునమ్మా. కాలం మారింది."

"కాలం మారితే మారిందిలే. నీ చెయ్యి మారిందా?"

మా అమ్మకు సంస్కరణలూ తెలియవు, మంత్రివర్గాలూ తెలియవు. నన్ను ఏడిపించడానికి అన్నది. నేను నవ్వి, మజ్జిగ పోయమన్నాను.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు సభ. పొద్దున ఒక జల్లు పడి వెలిసింది. వాకిలంతా బురద. వచ్చినవాళ్ళందరూ పక్కనున్న తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కొని లోపలికి పోతున్నారు. తాసిల్దారుగారు అధ్యక్షులు. ఆయన ముందు చదవాలని నేను ఆరు నెలలుగా ఒక పద్యమాలిక చెక్కుతున్నాను. మా కొనకనమిట్ల మెట్టచేల మీదికి మబ్బు రావడం, వచ్చి ఉరమడం, ఊరందరికీ ఆశ పెట్టి చినుకు రాల్చకుండా పొదిలి వైపు పోవడం, అదీ విషయం. చివరన చదివితే అందరికీ గుర్తుంటుందని నా పలకను అన్నిటికంటే వెనక పెట్టుకున్నాను. పది పలకలు వచ్చాయి. మొదలుపెడదామా అని లోపలి నుంచి కేక వినబడింది.

అప్పుడు వచ్చాడు అతను. నలభై ఏళ్ళుంటాయి. ఒళ్ళంతా రాతిదుమ్ము పట్టిన మనిషి, స్నానం చేసి వచ్చినా కనుబొమల్లో ఇంకా మిగిలి ఉంది. దగ్గుతున్నాడు. గనుల్లో పలకలు చీల్చేవాళ్ళ దగ్గు ఎక్కడున్నా తెలిసిపోతుంది. మెట్ల కింద నిలబడి చంకలోంచి తెల్లగుడ్డ మూట తీసి, ముడి విప్పి, అందులోంచి ఒక పలక తీశాడు. చట్రం లేని పలక. అంచులు మాత్రం అద్దంలాగా నున్నగా అరగదీసి ఉన్నాయి. దాన్ని రెండు చేతులతో గడప మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

"పంతులయ్యా, ఇది బిడ్డది. సభలో సదవాల."

నాకు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, పొంగిపోయాను. నా దండోరా విని ఒకడు వచ్చాడు! తాసిల్దారుగారు చూడాలి ఇది.

"దానికేముంది, రా రా. పేరేంది?"

"యేసుమణి."

"సరే. ఆ తొట్టి కాడ కాళ్ళు కడుక్కొని లోపలికి వచ్చి కూర్చో. వెనక కాదు, అందరితో పాటే కూర్చో."

అతను తొట్టి వైపు తిరిగాడు. నేను గడప మీది పలక తీసుకోవడానికి వంగాను.

ఇక్కడ జరిగింది దాచకుండా చెప్పాలి. మా ఇంట్లో నా చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. మిషను పల్లె వాళ్ళు కట్టెలు తెచ్చినా, చాట తెచ్చినా, ఏది తెచ్చినా గడప మీద పెడతారు. మేము దాని మీద నీళ్ళు చల్లి ఎత్తుకుంటాం. ఎందుకని నేను ఏనాడూ అడగలేదు, నాకు ఎవరూ చెప్పలేదు. నడక వచ్చినప్పుడే అదీ వచ్చింది. నోటితో రమ్మన్నాను, మనసుతో కూడా రమ్మన్నాను. నా చెయ్యి మాత్రం పక్కనున్న చెంబు అందుకుంది. పలక మీద నీళ్ళు ధారగా పోసింది. తడిగుడ్డతో ఒక తుడుపు తుడిచాను. పలక నల్లగా నిగనిగలాడింది. పదకొండు, యేసుమణి అని రాసి, గోడకు ఆనించాను. నేనేం చేశానో నాకే తెలియలేదు.

సభ మొదలైంది. ప్లీడరు గుమాస్తా తన మేనమామ మీద శతకం చదవడం మొదలుపెట్టి, ముప్పయ్యో పద్యం దాకా పోయి, అధ్యక్షులవారు గంట కొడితే ఆగాడు. ఒక షావుకారు దేవుడి మీద చదువుతూ మధ్యలో మరిచిపోయి, దేవుణ్ణి అక్కడే వదిలేసి కూర్చున్నాడు. పలకల కొట్టు రంగయ్య రాగం తీసేసరికి తాసిల్దారుగారి కునుకు కూడా చెదిరింది. ఎవరు చదివినా చప్పట్లే. మనవాళ్ళు చప్పట్లకు వెనకాడరు, వాటికి ఖర్చు లేదు గదా.

నేను మధ్యమధ్యలో అతని వైపు చూస్తూ ఉన్నాను. ఉత్తరం కిటికీ కింద గోడకు ఆనుకొని కూర్చున్నాడు. అందరితో పాటే కూర్చోమన్నాను గాని అతని చుట్టూ జానెడు జానెడు చోటు దానంతటదే ఖాళీ అయింది. అతను అదేమీ పట్టించుకోలేదు. గోడకు ఆనించిన పలకల వరసలో తన పలక వీపునే చూస్తూ ఉన్నాడు. ప్రతి పద్యానికీ చప్పట్లు కొట్టాడు.

తాసిల్దారుగారు పదకొండో పలక ఎత్తారు. "యేసుమణి" అని పిలిచారు.

అతను లేచాడు. ఉత్తరీయం నడుముకు కట్టుకొని చేతులు జోడించాడు.

"నేను కరుణాకరం అయ్యా. గనిలో పలకలు సీలుస్తాను. యేసుమణి నా బిడ్డ. మిషను బళ్ళో ఐదో తరగతి సదివేది. పద్యాలు కట్టేది అయ్యా, నోటికి ఎంత వస్తే అంత. నేను కొట్లకు పలకలు మోసుకొచ్చేటప్పుడు నా ఎంట వచ్చి, ఇదో, ఈ కిటికీ బయట నిలబడి మీ సభలన్నీ వినేది. నాయనా, నేను కూడా ఆడ సదవాల అనేది. మనల్ని రానియ్యరులే అమ్మా అంటే, ఎప్పుడో ఒకనాడు రానిస్తారులే అనేది."

దగ్గు వచ్చింది. దగ్గి తుడుచుకున్నాడు.

"పోయిన కార్తీకంలో జరం వచ్చింది. గొంతు పూడుకుపోయింది. మాట రాల్యా. రెండో దినం పలక తెమ్మని సైగ చేసింది. నేను సీల్చి ఇచ్చిన పలకే. దాని మీద రాసింది. ఇట్ల ఎత్తి నాకు సూపించి, కిటికీ మాదిరి చేత్తో గీసి సూపించింది. సభలో సదవమని చెప్పినట్టే గదా. సాయంత్రానికి పోయింది."

అతను ఒకసారి కిటికీ వైపు చూశాడు.

"నాకు సదువు రాదు. టీచరమ్మ చేత సదివించుకోవచ్చు. సదివించుకోల్యా. నా బిడ్డ ఈడ సదవాలన్నది గాబట్టి ఈడనే మొదాట వినాల అని తొమ్మిది నెలలు గుడ్డలో సుట్టి పెట్టినా. అందరూ రావచ్చు అని దండోరా విని తెచ్చినా. పంతులయ్యా, మీరే సదవండి."

తాసిల్దారుగారు పలకను నా చేతికి అందించారు. పేరు చదవగానే ఆయన కళ్ళజోడు తీసేశారు, దాని మీద ఏముందో ఏం లేదో ఆయన గమనించలేదు.

పదకొండు. యేసుమణి. నా దస్తూరీ. దాని కింద నల్లటి రాయి, అంతే.

చెంబు గుర్తొచ్చింది. గుడ్డ గుర్తొచ్చింది. పలకను వెలుతురుకు ఇటు తిప్పాను, అటు తిప్పాను. పొడిగుడ్డతో తుడిచి ఉంటే నీడైనా మిగిలేది. మిగతా పది పలకల మీదా ఎక్కాల నీడలు, ఆవుల నీడలు మిగిలే ఉన్నాయి. ఈ ఒక్క పలకనే నేను కడిగాను.

కరుణాకరం నా నోటి వంక చూస్తున్నాడు. తొమ్మిది నెలలు ఆగిన మనిషి చూసే చూపు అది. ఆ చూపు ముందు నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పలకను నా ముఖం వైపు తిప్పుకొని, నా పద్యమాలిక చదివాను. మబ్బు వచ్చింది, ఉరిమింది, ఆశ పెట్టింది, పోయింది. మొదటి పద్యంలో గొంతు వణికింది. ఆ వణుకు పద్యానికి సరిపోయింది. నాలుగు పద్యాలూ చదివాను. చివరి పద్యంలో, పోయిన మబ్బును మళ్ళీ రమ్మని రైతు పిలిచే చోట, సభలో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు.

చప్పట్లు ఆగలేదు. "ఐదో తరగతి పిల్ల ఇట్లాంటి సమాసం వేసిందా!" అని తాసిల్దారుగారు లేచి నిలబడ్డారు. ఇంకొక్క మాట కూడా చెప్పేస్తాను, చెప్పకపోతే ఈ కథ చెప్పి ప్రయోజనం లేదు. ఆ సమయంలో, ఆ పాపం చేతిలో పట్టుకొని ఉండి కూడా, నా సమాసాన్ని మెచ్చుకున్నందుకు నాకు లోపల ఎక్కడో సంతోషం వేసింది. ఛీ.

కరుణాకరం చప్పట్లు కొట్టలేదు. తల దించుకొని కూర్చున్నాడు. ఏడుస్తున్నాడని అందరం అనుకున్నాం.

పన్నెండో పలక నాది. నాకు ఒంట్లో బాగోలేదని చెప్పి చదవలేదు. చదవడానికి ఏమీ మిగల్లేదు కూడా. తాసిల్దారుగారు ఉపన్యాసం మొదలుపెట్టగానే పదకొండో పలక తీసుకొని పుస్తకాల గదిలోకి పోయాను. బీరువా వెనక నిలబడి, అంకె చెరిపి, పేరు చెరిపి, నాలుగు పద్యాలూ దాని మీద రాశాను. చిన్నపిల్ల రాసినట్టు ఉండాలని అక్షరాలు గుండ్రంగా, వంకరగా రాశాను. పై అంచు నుంచి కింది అంచు దాకా సరిపోయాయి. బోర్డు బడిలో ఎన్నో పలకలు దిద్దిన చెయ్యి గదా, బాగానే కుదిరింది. ఈ అబద్ధం అతనికి మేలే చేస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇంటికి తీసుకుపోతాడు. ఎవరి చేతనైనా చదివించుకుంటాడు. ఇవే పద్యాలు వస్తాయి. బిడ్డ మీద గర్వంతో బతుకుతాడు.

సభ ముగిసింది. ఎవరి పలకలు వాళ్ళు తీసుకొని పోయారు. పోతూ పోతూ నలుగురు కరుణాకరం దగ్గర ఆగి, నీ బిడ్డ బతికుంటే ఎంతదయ్యేదో అని, కాస్త దూరంలో నిలబడే చెప్పిపోయారు. అతను అందరికీ దణ్ణం పెట్టాడు. అందరూ పోయాక గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఈసారి నేను పలకను గడప మీద పెట్టలేదు. అతని చేతికే ఇచ్చాను.

తీసుకొని చూశాడు. చాలాసేపు చూశాడు. అక్షరాలు చదవలేని మనిషి, అయినా పలకంతా మూల మూలనా చూశాడు. బొటనవేలితో కింది అంచు దగ్గర, అక్షరాలకు తగలకుండా, గాలిలో తడిమాడు.

"పంతులయ్యా, నాకు సదువు రాదు గాని, పలక వస్తాది."

పలకను నా వైపు తిప్పాడు.

"నా బిడ్డ రెండు వరసలే రాసింది. మూడోది సగంలో ఉండంగా చెయ్యి వాలిపోయింది. బలపం జారి పొడుగాటి గీత పడింది, మూడో వరస కాన్నుంచి ఈ కింది మూల దాకా. తొమ్మిది నెలలు రోజూ గుడ్డ ఇప్పి ఆ గీత సూసుకున్నా. మీరు సదివినప్పుడే అనుకున్నా, ఇంత పొడుగు లేదే అని."

"కరుణాకరం..."

"నీళ్ళు సల్లినారా?"

లేదని చెప్పడానికి నోరు తెరిచాను. అవునని తల ఊపాను.

కోప్పడతాడనుకున్నాను. పలకతో నా తల పగలగొట్టినా న్యాయమే. అతను నెమ్మదిగానే అన్నాడు.

"సల్లుతారు. మా చేతిది ఎత్తుకుంటే ఎవురైనా సల్లుతారు గదా. దండోరా విన్న సంబరంలో అది మరిచిపోయినా. రాత ఉంది, తడపొద్దయ్యా అని ఒక్క మాట చెప్పాల్సింది నేను. తప్పు నాదే పంతులయ్యా."

ఆ మాట కంటే పెద్ద తిట్టు నేను జన్మలో వినలేదు. కాళ్ళ మీద పడదామనుకున్నాను. అదీ చెయ్యలేదు. ఏం అడగాలో తెలియక, ఆ పద్యం ఇంకెవరైనా చూశారా అని అడిగాను.

"ఎవురు సూస్తారు? ఈడ వినాలనే గదా దాసిపెట్టినా."

పలకను తిరిగి ఇవ్వబోయాడు. నేను రెండు చేతులూ చాచాను. నిజంగా చాచాను. అతను ఆ చేతుల వంక చూసి, వంగి, మొదట పెట్టినట్టే గడప మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

"ఇవి మీ పద్యాలు. మీ కాడ ఉండనీండి. బాగ కట్టినారు."

పలక చుట్టి తెచ్చిన తెల్లగుడ్డను విదిలించి, మళ్ళీ నాలుగు మడతలు పెట్టి, వచ్చేటప్పుడు పలకను పెట్టుకున్నట్టే చంకలో పెట్టుకున్నాడు. బురదలో చూసి అడుగులు వేస్తూ గనుల దారి పట్టి పోయాడు. దగ్గు మాత్రం చాలా దూరం దాకా వినబడింది.

ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. నీ చెయ్యి మారిందా అని నన్ను ఏడిపించిన మనిషి ఈసారి పొయ్యి ముందు కూర్చొని తన చేతులు చూసుకుంది.

మళ్ళీ నెల నుంచి సభలో పలకలు తీసుకోవడం మానిపించాను. ఆ పద్యమాలిక మళ్ళీ ఎక్కడా చదవలేదు. కరుణాకరం కోసం రెండుసార్లు గనికి పోయాను. మొదటిసారి నన్ను చూసి లేచి నిలబడి దణ్ణం పెట్టాడు, ఏం చెప్పాలో తెలియక తిరిగొచ్చాను. రెండోసారి పోయేసరికి దగ్గుతో పోయాడని చెప్పారు. ఆ పలక ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నా రాత తుడిచి ఎండలో ఎన్నిసార్లు ఏటవాలుగా పట్టి చూశానో లెక్క లేదు. నా బలపం నొక్కులు తప్ప ఇంకేమీ కనబడవు.

ఒక్కటి మాత్రం గుర్తుంది, అదీ అతను చెప్పాక గుర్తొచ్చింది. చెంబు ఎత్తి పోసినప్పుడు పలక మీద ఒక పొడుగాటి తెల్లగీత ఉంది. ముందు అది కరిగింది. నీళ్ళతో కలిసి, పాలలాగా తెల్లగా, గడప మీదుగా వాకిట్లోకి జారింది. దాని పైన రెండు వరసలన్నర ఉండే ఉండాలి. నేను చూసే ఉండాలి. పద్యాలంటే పడిచచ్చే మనిషిని, చదువు చెప్పే పంతుల్ని, నా చేతి కిందనే ఉన్న ఆ రెండు వరసలన్నరలో ఒక్క అక్షరం కూడా నేను చదవలేదు.